ప్రపంచం రెండుమార్లు వచ్చిన ఊరు

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయవలసిందని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది. నేను రైల్వేలో బుకింగు గుమాస్తాను. చదువు మెట్రిక్యులేషన్‌తో ఆగింది. "కాకతీయులను గురించీ, రాయలవారిని గురించీ వ్రాయగలవారు మనలో వేరే ఉన్నారు గదా, మావయ్యగారూ" అన్నాను. "వాళ్లను గురించి ఏటేటా వేస్తూనే ఉన్నామోయ్. మనం ఉంటున్న ఊరిని గురించి ఒక్కడూ వ్రాయలేదు. ఆ హాకీ పందేలప్పుడు నువ్వు స్టేషనులోనే ఉన్నావు గదా, అది వ్రాయి" అన్నారు. అందుచేత ఈ సాహసం. తప్పులుంటే పెద్దలు మన్నించవలెను.

మా ఊరు రూర్కెలా. ఒడిషాలో ఉత్తరపు కొసన, సుందర్‌గఢ్ జిల్లాలో ఉన్నది. హౌరానుంచి నాగపూరు పోయే పెద్ద లైను మీద టాటానగర్, చక్రధర్‌పూర్ దాటిన తరువాత వస్తుంది. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, శ్రీకాకుళంలో మా బంధువులకు ఈ సంగతి ముప్పై ఏళ్లుగా చెబుతున్నా బోధపడలేదు. ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు "మీరు ఉండేది రాయ్‌పూరు కదూ?" అంటారు. కాదని చెప్పి చెప్పి మా నాయన విసిగి, చివరికి "అవును, ఆ పక్కనే" అనడం మొదలుపెట్టారు. 2023 జనవరి 13 రాత్రి అదే బంధువులు వరుసగా టెలిఫోను చేసి, "మీ ఊరు టీవీలో చూపిస్తున్నారర్రా!" అన్నారు. మేము ఇక్కడికి వచ్చిన అరవై అయిదేళ్లకు మా ఊరి పేరు మావాళ్లకు తెలిసిందన్నమాట.

ఆనాడు మొదలైనవి పురుషుల ప్రపంచ కప్పు హాకీ పందేలు. మొత్తం 16 దేశాలు, 44 ఆటలు. వాటిలో 24 భువనేశ్వర్‌లోను, 20 మా ఊరిలోను జరిగినవి.

అంతర్జాతీయ పందేలు సాధారణంగా మహానగరాలకు, అందులోనూ ఎక్కువగా రాజధానులకు దక్కుతవి. మన దేశంలో మొదటి ఆసియా క్రీడలు 1951 మార్చిలో ఢిల్లీలో జరిగినవి. 11 దేశాలు వచ్చినవి. 1964లో టోక్యో ఒలింపిక్స్‌కు సరిగా తొమ్మిది రోజుల ముందు, అక్టోబరు 1న, జపానువారు ఒసాకాకు తమ కొత్త మెరుపు రైలును నడిపించారు. రైల్వే ఉద్యోగిని గనుక నాకు ఒలింపిక్స్ కన్న అదే గొప్పగా తోస్తుంది. హాకీ ప్రపంచ కప్పు మన దేశానికి మొదట 1982లో బొంబాయికి వచ్చింది. తరువాత 2010లో ఢిల్లీకి, 2018లో భువనేశ్వర్‌కు. అటువంటి జాబితాలో చివర రూర్కెలా అని చదివితే, బియ్యంలో మినపగింజలాగా కనిపిస్తుంది. ఇది కార్ఖానా ఊరు. పొగగొట్టాలు, సెక్టార్లు, క్వార్టర్లు, షిఫ్టు సైరను: ఇదీ మా వైభవం. చెప్పుకోదగిన హోటళ్లు కూడా లేవు. అందుకనే ఆటగాళ్ల బసకు 225 గదులతో ఒక ప్రత్యేక భవనాన్ని తొమ్మిది నెలల్లో లేపవలసివచ్చింది.

కాని ఈ ఊరికి ప్రపంచం రావడం అది మొదటిసారి కాదు. ఈ సంగతి మనవాళ్లు, ముఖ్యంగా పిల్లలు, మరచిపోతున్నారు. నేను వ్యాసం వ్రాయడానికి ఒప్పుకొన్నది ఇందుకోసమే.

రైలు ఇక్కడికి 1890 ప్రాంతాల బెంగాల్-నాగపూర్ రైల్వేవారి కాలంలో వచ్చింది. అప్పటికి ఇది గాంగ్‌పూర్ సంస్థానం. చుట్టూ సాలవనాలు, శంఖ, కోయెల్ నదులు కలిసి బ్రాహ్మణి అయ్యేచోట కొండలు, ఒరావులు, ముండాలు, ఖరియాలు, కిసానులు మొదలైన గిరిజనుల పల్లెలు. 1948 జనవరి 1న సంస్థానం ఒరిస్సాలో కలిసింది. 1953లో మన ప్రభుత్వం జర్మనీకి చెందిన క్రుప్, డెమాగ్ కంపెనీలతో ఒప్పందం చేసుకున్నది. 1954లో హిందుస్తాన్ స్టీల్ ఏర్పడింది. 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చి మొదటి ఊదుకొలిమిని ప్రారంభించారు. ఆ కొలిమికి పార్వతి అని పేరు. ఆ రోజుల్లో వందలకొద్దీ జర్మనులు భార్యాబిడ్డలతో ఇక్కడ కాపురమున్నారు. పంజాబీలు, బెంగాలీలు, బీహారీలు, మలయాళీలు, తెలుగువాళ్లు అందరూ పనికోసం వచ్చారు. ప్రపంచం మా ఊరికి మొదటిసారి వచ్చింది అప్పుడు.

మా తాతగారు 1958లో వచ్చారు. శ్రీకాకుళం రోడ్డులో మెయిలు ఎక్కి, ఖరగ్‌పూర్‌లో దిగి, అక్కడ బండి మారి వచ్చారట. ఇనుపదూలాలకు రివిట్లు కొట్టే పని. ఆయన చెప్పిన మాటల్లో నాకు బాగా జ్ఞాపకమున్నది ఒకటి: "మేం గుడారాలు వేసుకున్నచోట వరిమళ్ల గట్లు ఇంకా చెదరలేదురా. రాత్రి ఆ గట్లమీద తలపెట్టుకుని పడుకునేవాళ్లం." చిన్నప్పుడు ఆ మాట విని ఊరుకున్నాను. ఆ మళ్లు ఎవరివి అని అడగాలని తోచలేదు.

అవి ఒకరివి కావు. కార్ఖానాకు, టౌన్‌షిప్పుకు, రైల్వే యార్డులకు ముప్పైకి పైగా గ్రామాలను ఖాళీ చేయించారు. నీటికోసం శంఖ నది మీద మందిరా డ్యాము కట్టినప్పుడు మరికొన్ని మునిగినవి. ఆ పల్లెలవారిని జల్దా, ఝీర్‌పానీ మొదలైనచోట్ల కాలనీలు వేసి అక్కడికి తరలించారు. ఉద్యోగాలు కొందరికి దొరికినవి, చాలామందికి దొరకలేదు. నష్టపరిహారం పేచీలు తాతల కాలంలో మొదలై మనుమల కాలందాకా నడిచినవి. మనవాళ్లు "ఈ ఊరిని మేము కట్టాము" అని సభల్లో అంటూ ఉంటారు. కట్టినమాట నిజమే. ఎవరి నేలమీద కట్టామన్నది కూడా ఆ వాక్యంలో చేర్చితే బాగుంటుంది.

ఇక హాకీ సంగతి. ఛోటానాగపూర్, గాంగ్‌పూర్ ప్రాంతాల్లో ఈ ఆటను పాదుకొల్పినవి మిషన్ పాఠశాలలు. పాఠశాలలోనుంచి అది పల్లెలోకి పోయి పల్లె ఆట అయిపోయింది. కర్ర కొనుక్కోనక్కరలేదు, వెదురుముక్కో, వంగిన కొమ్మో చాలు. పంట ఇంటికి వచ్చిన తరువాత ఊరికీ ఊరికీ పందేలు పెడతారు. గెలిచినవాళ్లకు ఇచ్చేది కప్పు కాదు, ఒక ఖస్సీ, అంటే కొట్టిన మేకపోతు. దాన్ని అక్కడే వండుకుని తింటారు. మన కోడిపందేలవలె ఇదీ ఒక పండుగ. అయితే ఇక్కడ చెమటోడ్చేది మనుషులే.

దీనికి తోడు రైల్వే. ఈ లైనుమీద హాకీ ఎంత పెరిగిందో చెప్పడానికి ఒక్క పేరు చాలు: లెస్లీ క్లాడియస్. ఈ లైనుమీదే ఉన్న బిలాస్‌పూర్‌లో 1927లో పుట్టి, ఖరగ్‌పూర్‌లో బెంగాల్-నాగపూర్ రైల్వే జట్టు దగ్గర ఆట నేర్చి, 1948 మొదలు 1960 వరకు నాలుగు ఒలింపిక్స్‌లో ఆడి, మూడు బంగారు పతకాలు, ఒక వెండి పతకం తెచ్చాడు. మా తాతగారు బండి మారిన ఖరగ్‌పూర్ అదే. ఆయనకు ఆ సంగతి తెలియదు లెండి. ఆయన ధ్యాస అంతా ట్రంకుపెట్టె మీదనే ఉన్నది.

మా ఊరి హాకీకి పెద్దదిక్కు మైకేల్ కిండో. సిమ్‌డెగా ప్రాంతపు పల్లెలో పుట్టిన గిరిజనుడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టులోను, 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తానును 2-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన జట్టులోను ఉన్నాడు. పురుషుల హాకీలో ఈ వ్యాసం వ్రాసేనాటికి మనకున్న ప్రపంచ కప్పు అదొక్కటే. ఆయన రూర్కెలా స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేసి ఇక్కడే స్థిరపడ్డాడు. 2020 డిసెంబరు 31న ఇక్కడే కాలం చేశాడు. నలభైయేడు రోజులకు, 2021 ఫిబ్రవరి 16న, ప్రపంచ కప్పు స్టేడియానికి శంకుస్థాపన జరిగింది.

ఆయన తరువాత పానపోష్‌లో 1985లో పెట్టిన క్రీడా హాస్టలునుంచి, సెయిల్‌వారి హాకీ అకాడమీనుంచి ఆటగాళ్లు వరుసగా వచ్చారు. వారిలో దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడాడు, భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 1996 అట్లాంటాలోను, 2000 సిడ్నీలోను అతనితో కలిసి ఆడినవాడు మన హైదరాబాదు ముకేశ్ కుమార్. దిలీప్ తిర్కీ సొంత ఊరు సౌనామారా. ఈ పేరు కాస్త గుర్తుంచుకోవలసింది. మళ్లీ వస్తుంది.

స్టేడియాన్ని ఛెండ్ కాలనీవైపు విశ్వవిద్యాలయం ఆవరణలో 35 ఎకరాల్లో కట్టారు. పని పదిహేను నెలల్లో అయింది. కుర్చీలు 20,011; అందరూ కూర్చుని చూడగల హాకీ స్టేడియాలలో ప్రపంచంలో ఇదే పెద్దదని గిన్నిస్‌వారు ఒప్పుకున్నారు. పేరు బిర్సా ముండా స్టేడియం. బిర్సా ముండా అడవిమీద, భూమిమీద తమవారి హక్కుకోసం 1899-1900లో తెల్లదొరలమీద తిరగబడి, పాతికేళ్లైనా నిండకుండా రాంచీ జైలులో మరణించినవాడు. భూములు పోయినవారి ఊళ్లో స్టేడియానికి ఆయన పేరు పెట్టడం గౌరవమో, ఎత్తిపొడుపో నాకు తేలలేదు. రెండూనేమో.

ఇక ఊరిసంగతి చెబుతాను. ఢిల్లీవంటి నగరానికి పందేలు ఒక ఉత్సవం. మావంటి ఊరికి అది పెళ్లి. పెళ్లివారిల్లు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ఆరునెలలు ముందునుంచీ గోడలకు రంగులు. కనిపించిన ప్రతి గోడమీద హాకీ కర్ర పట్టుకున్న బొమ్మ. రోడ్లు తవ్వడం, పూడ్చడం, మళ్లీ తవ్వడం. ఎన్నో ఏళ్లుగా వెలగని వీధిదీపాలు వెలిగినవి. పందేలకు ఆరురోజుల ముందు, జనవరి 7న, భువనేశ్వర్‌నుంచి టిక్కెట్టు కొనుక్కుని ఎక్కగల విమానం దిగింది. టోక్యోకు మెరుపు రైలు, మాకు రెక్కల బండి. ఇంట్లో చుట్టాలు, మా రెండు గదుల క్వార్టరులో పదకొండుమందిమి. ఆటకు వచ్చినవారిలో సగంమందికి టిక్కెట్లు లేవు. ఊరు చూస్తే చాలునన్నారు.

పెళ్లింట్లో పాతచీపురు దాచినట్లు దాచవలసినవి కూడా కొన్ని ఉంటవి. స్టేషను బయట మనవాళ్లావిడ ఒకరు ఇరవై ఏళ్లుగా ఇడ్లీబండి పెట్టుకుని బతుకుతున్నారు. డిసెంబరు ఆఖరున ఎవరో వచ్చి "పెద్దవాళ్లు వస్తున్నారు, నెలరోజులు పక్కకు జరుపుకో" అన్నారు. ఎవరు చెప్పారంటే పైనుంచి అన్నారు. ఆ పైన ఎవరో నాకు తెలియదు, ఆవిడకూ తెలియదు. "పిన్నిగారూ, ఏం చేస్తారు?" అని అడిగితే, "చేసేదేముంది బాబూ, మా అమ్మాయింటికి పోతాను. ఆట చూసేవాళ్లకు ఇడ్లీ అక్కరలేదు కాబోలు" అన్నారు. ఆ నెలరోజులు నేను మధ్యాహ్నం డ్యూటీకి అటుకులు కట్టుకుని పోయాను.

జనవరి 13న ఇండియా, స్పెయిన్ ఆట. టిక్కెట్లకోసం మావాళ్లు తిరగని చోటు లేదు, దొరకలేదు. నాకు ఎటూ రాత్రి డ్యూటీ. ఆట మొదలయ్యే వేళకు కిటికీ దగ్గర ఒక్క ప్రయాణికుడూ లేడు. పది నిమిషాలు ఖాళీ చూసుకుని వెనకనున్న గదిలోకి పోయాను. అక్కడ నలుగురం ఒక టెలిఫోను ముందు మూగాము. వారిలో ఒక పాయింట్స్‌మన్ ఉన్నాడు. ముండావాడు, యాభై దాటినవాడు. జల్దా కాలనీలో ఇల్లు. నేను దాదా అంటాను, అతను నన్ను బాబు అంటాడు. పన్నెండో నిమిషంలో మనవాళ్లకు గోలు పడింది. కొట్టినవాడు అమిత్ రోహిదాస్, జట్టుకు వైస్ కెప్టెన్. సొంత ఊరు సౌనామారా.

మేము ముగ్గురం అరిచాము. దాదా అరవలేదు. లేచి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లిపోయాడు. నేను వెనకాలే పోయాను. స్టేడియంవైపు ఆకాశం వెలుగుతో తెల్లగా ఉన్నది. గోలు హోరు అంతదూరంనుంచి కూడా వినిపించిందనిపించింది, నా భ్రమేనేమో. అతను కళ్లు తుడుచుకుని అన్నాడు: "ఆ కుర్రాడు పుట్టకముందే వాళ్ల ఊళ్లో నేను ఖస్సీ ఆడాను బాబూ. మేమే గెలిచాం. మేక బక్కది."

ఆ ఆట మనవాళ్లు 2-0తో గెలిచారు. రెండో గోలు హార్దిక్ సింగ్‌ది. 15న ఇంగ్లండుతో ఎవరికీ గోలు లేకుండా సమం. ఆ తరువాత ఇండియా జట్టు భువనేశ్వర్ పోయింది. అక్కడ 22న న్యూజీలాండుతో 3-3 అయి, షూటౌట్లో ఓడిపోయారు. కప్పు ఆశ పోయింది. తొమ్మిదినుంచి పదహారు స్థానాలకు ఆటలు మా ఊళ్లోనే గనుక 26న, 28న తిరిగివచ్చి జపానునూ, దక్షిణాఫ్రికానూ ఓడించి తొమ్మిదో స్థానంతో తృప్తిపడ్డారు. ఓడినవారు వస్తే జనం రారనుకున్నాను. వచ్చారు. పెళ్లి తప్పినా భోజనాలు మానరు గదా.

నాకు దొరికిన టిక్కెట్టు 14వ తేదీ మధ్యాహ్నపు ఆటకు: న్యూజీలాండు, చిలీ. దాదాకు కూడా ఒకటి తెచ్చాను. చిలీ ప్రపంచ కప్పులో ఆడటం అదే మొదటిసారి, అదే మొదటి ఆట. 3-1తో ఓడిపోయారు. కాని ఆ ఒక్కగోలు కొట్టినప్పుడు మా చుట్టూ ఉన్నవారంతా లేచి నిలబడి కేకలు వేశారు. చిలీ ఎక్కడున్నదో వారిలో ఎందరికి తెలుసునో చెప్పలేను. ఒక దేశం తన ప్రపంచ కప్పు చరిత్రలో మొదటి గోలును మా ఊళ్లో కొట్టుకున్నదని రాత్రి మా అబ్బాయికి చెబితే, అట్లాసు తెచ్చి చిలీని వెతికాడు. అక్కడ ఎవరో పిల్లవాడు అట్లాసులో రూర్కెలాను వెతికి ఉంటాడని నేను ఇప్పటికీ అనుకుంటాను.

20న జర్మనులు కొరియాతో ఆడి 7-2తో గెలిచారు. ఆనాడు మా వీధిలో ప్లాంటునుంచి రిటైరైన పెద్దాయన ఒకరు, వయస్సు ఎనభై దాటినది, కర్ర ఊతతో టీవీ ముందు కూర్చుని జర్మను పేర్లు సరిగా పలుకుతూ ఆట చూశారు. కుర్రతనంలో వారిదగ్గర పని నేర్చుకున్నారట. "వీళ్ల తాతలు నాకు వెల్డింగు నేర్పారు" అన్నారు నవ్వుతూ. చివరికి కప్పు కూడా వారిదే అయింది. 29న భువనేశ్వర్‌లో బెల్జియంతో 3-3 అయి, షూటౌట్లో 5-4తో గెలిచారు.

విదేశస్థులు వెళ్లిపోయారు. వీధిదీపాలలో కొన్ని మళ్లీ ఆరిపోయినవి. గోడలమీద బొమ్మలు ఎండకు వెలిసినవి. ఇడ్లీబండి మాత్రం ఫిబ్రవరిలో తిరిగి వచ్చింది, పాతచోటికి పదిగజాల అవతల. ఆ పదిగజాలు ఎందుకు పోయినవో ఆవిడ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మార్చి 10న ప్రో లీగ్ ఆటలకు జర్మనీ జట్టు మళ్లీ మా ఊరికి వచ్చింది, ఈసారి ప్రపంచ విజేతలుగా. టిక్కెట్టు అవస్థ లేకుండా దాదా, నేను కలిసి పోయాము. మనవాళ్లు 3-2తో గెలిచారు. ఆట అయిన తరువాత జనం తగ్గేదాకా మెట్లమీదనే కూర్చున్నాము. స్టేడియం దీపాలు ఒక్కొక్కటి తీసేస్తుంటే, దూరాన ప్లాంటువైపు ఆకాశం ఎర్రగా కనిపించడం మొదలైంది. దాదా చెయ్యి చాపి ఆ ఎరుపుకు కొంచెం ఎడమగా చూపించాడు.

"మా తాత ఊరు అక్కడ ఉండేదట. ఊరిముందు చింతచెట్టు, దానికింద ఆట."

"మా తాత కూడా అక్కడే ఎక్కడో గుడారం వేసుకున్నాడు దాదా" అన్నాను.

అతను కాసేపు అటే చూచి, "అయితే ఆయనకు మా చింతకాయలు తెలిసే ఉంటాయి" అన్నాడు. చివరి బస్సుకు వేళైతే లేచాము.